తడి ఎక్కణ్ణించి వస్తోంది?

మొన్న వానలు తగ్గాక నాన్న కారులో కాలికింద మ్యాట్ ఎత్తి చూస్తే తడి. కింద పెయింటు బుడగలు లేచింది. గోటితో గీకితే పొరలుపొరలుగా ఊడివచ్చింది. 2006లో కొన్న మారుతి 800 అది. నాన్న పోయాక నా చేతికొచ్చింది. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళేది అందులోనే. మేముండేది విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గర్లో. ఇనుముకి నీరూ గాలీ తగిలితే ఎలాగూ తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా.

టింకరింగ్ షెడ్డులో అతను వంగి చూసి, "సార్‌ని ఒకసారి రమ్మనండి మేడం, మాట్లాడతాను" అన్నాడు. మా ఇంట్లో సార్ లేరు. పన్నెండేళ్ళుగా కారు నడుపుతున్నాను, సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. అయినా ఆ రోజు అతన్ని అడగడానికి నా దగ్గర ఒక్క ప్రశ్న లేదు. ఆ 'సార్' కంటే ఈ తెలియనితనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. స్టీరింగ్ మా చేతికొచ్చింది సరే, బండి అడుగున ఏముందో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ పెనం తుడుస్తూ నవ్వింది. "దీన్ని కడిగి తడిమీద వదిలేస్తామా? ఆరబెట్టి నూనె రాస్తాం. నీ కారూ ఇనుమేగా తల్లీ! ముందు ఆ తడి ఎక్కణ్ణించి వస్తోందో చూడు."

చూశాను. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోయాయి. పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్ళు కారాయి. మ్యాట్లు తీసి రెండ్రోజులు ఆరనిచ్చాను. వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపరుతో తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్దాను. ఆ పూటే రెడాక్సైడ్ ప్రైమర్ వేశాను. ఈ ఊరి గాలికి ఒక్క రాత్రి వదిలినా మళ్ళీ మొదటికే. ఆరాక రెండు పూతలు పెయింటు. తుప్పు మీదే రంగేస్తే కింద దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

ఒకచోట మాత్రం స్క్రూడ్రైవర్ రేకులోకి దిగబడిపోయింది. అక్కడ కోసి వెల్డింగ్ చేయాలి. అది నా వల్ల కాదు. మళ్ళీ అదే షెడ్డుకి వెళ్ళాను. అతుకు కిందివైపు కూడా ప్రైమర్ వేయాలని ఈసారి నేనే అడిగాను. అతను సార్ మాట ఎత్తలేదు. రేకు అంతమేర ఎందుకు కోయాలో చూపించాడు. అతని చేతులనిండా కాలిన మచ్చలు. నేను ఇష్టపడి చేసిన రెండు ఆదివారాల పని అతనికి రోజూ బతుకు. నా గెలుపని రాసుకోబోయి ఆగిపోయాను.

అమ్మకి డ్రైవింగ్ రాదు. ఇన్నేళ్ళూ పెనాన్నీ కత్తిపీటనీ తుప్పుపట్టకుండా కాపాడుకొచ్చింది. షెడ్డులో అయితే దాన్ని పనితనం అంటారు. వంటింట్లో దానికి పేరే లేదు. నా థీసిస్‌లో స్త్రీల జ్ఞానం గురించి ఒక అధ్యాయమే ఉంది. అందులో అమ్మ పెనం లేదు.

ఇప్పుడు ప్రతి వానాకాలానికి ముందు ఆ కన్నాలు శుభ్రం చేసుకోవాలనుకున్నాను. మొన్న పెయింటు వేస్తుంటే అమ్మ వరండాలోంచి రెండుసార్లు అడిగింది, "పూర్తిగా ఆరిందా?" అని.