గాలి ఎక్కడ పోతోంది?



పోయిన వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాశాను. ఈ వారం తుపాకీ గురించి. కంగారు పడకండి, ఆటల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గురించే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రైఫిల్‌తో పనేంటని అడిగేవాళ్ళు కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది. గురుకులంలో చదువుకుని వచ్చింది. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. పోటీలకు పనికొచ్చే కొత్త రైఫిల్ లక్షల్లో ఉంటుంది కాబట్టి మేం కొంతమందిమి చందాలు వేసుకుని వాడిన రైఫిల్ ఒకటి కొనిచ్చాం. ఈ ఆటలో గురి ఎంత చిన్నదంటే, 10 పాయింట్ల చుక్క అడ్డంగా కొలిస్తే అర మిల్లీమీటరు. అలాంటి చుక్క మీదికి 60 పెల్లెట్లు కాల్చాలి.

నాలుగు నెలలుగా ఆమె స్కోరు ఒకే తీరుగా నడిచింది. సోమ, మంగళవారాల్లో బాగా కొడుతుంది. శుక్రవారం దాటిందంటే పెల్లెట్లు చుక్క కిందికి దిగుతాయి. ట్రయల్స్ ఏమో శనాదివారాల్లో పెడతారు. రేంజిలో శిక్షణ ఇచ్చే పెద్దమనిషి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మొదట్లో ఉన్న ఊపు ఈ పిల్లలకు చివరిదాకా ఉండదు సార్. ఏకాగ్రత అనేది ఇంట్లోంచి రావాలి." ఈ పిల్లలంటే ఏ పిల్లలో ఆయన విడమర్చలేదు. మీక్కూడా నేను విడమర్చనక్కర్లేదు.

ఆ అమ్మాయిని నేను అడిగింది ఒకటే. "అమ్మా, గేజీ రోజూ ఎంత చూపిస్తోంది?"

"ఆదివారం నింపినప్పుడు 200 సార్. తర్వాత తగ్గుతుంది. కాలుస్తున్నాను కదా, అందుకే అనుకున్నా."

ఈ రైఫిల్ పనిచేసే తీరు కొంచెం చెప్పుకోవాలి. దీనికి ఒక సిలిండర్ ఉంటుంది. అందులో గాలిని ముందే 200 బార్ల ఒత్తిడికి నింపుతారు. కారు టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే టైరుకు తొంభై, వంద రెట్లు. ఆ ఒత్తిడి నేరుగా పెల్లెట్ మీదికి పోదు. మధ్యలో రెగ్యులేటర్ ఉండి దాన్ని తక్కువ ఒత్తిడికి దించి, ప్రతిసారీ ఒకే మోతాదులో అందిస్తుంది. అందుకే సిలిండర్లో 200 ఉన్నా 120 ఉన్నా పెల్లెట్ వేగం మారదు. కానీ సిలిండర్ ఒత్తిడి రెగ్యులేటర్ గీత కంటే కిందికి పడిపోయిందా, ఆ క్షణం నుంచి వేగం తగ్గుతుంది. పెల్లెట్ కిందికి దిగుతుంది. కాల్చే మనిషి చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా దిగుతుంది.

ఆమెను రెండు రోజులు ఒక్క పెల్లెట్ కూడా కాల్చొద్దన్నాను. నింపిన రాత్రి 200. తెల్లారి 178. మర్నాటికి 157. కాల్చకుండానే గాలి పోతోంది. రోజూ సాధన చేస్తే శనివారానికి మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి.

మరి ఇదే రేంజిలో మిగతా పిల్లలకు ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? వాళ్ళ రైఫిళ్ళలో కొన్ని లీకవుతూ ఉండొచ్చు. కానీ వాళ్ళ ఇంట్లో కంప్రెసర్ ఉంది, లేదంటే చేతిపంపు ఉంది. పొద్దున్నే 200కి నింపుకుని వస్తారు. ఈమె గాలి నింపించుకోవాలంటే రెండు బస్సులు మారాలి, నింపినందుకు డబ్బు కట్టాలి. అందుకే వారానికి ఒక్కసారి. డబ్బున్న చోట లీకు కనబడదు. లేని చోట అదే లీకు మనిషి గుణంగా కనబడుతుంది.

ఇక బాగుచెయ్యడం. పిల్లలూ, ఇది వివరంగా రాస్తున్నాను, మీకు పనికొస్తుంది.

ముందు సిలిండర్‌ను రైఫిల్ నుంచి విప్పి ఒక రాత్రి విడిగా ఉంచాం. తెల్లారి కూడా 200 మీదే ఉంది. అంటే సిలిండర్ మంచిది. మళ్ళీ బిగించి, కీళ్ళ దగ్గర చిన్న బ్రష్‌తో సబ్బు నీళ్ళు పలచగా రాశాం. గొట్టం చివర గాలి వస్తే ప్రధాన వాల్వ్ పాడైనట్టు. రెగ్యులేటర్ దగ్గరున్న చిన్న రంధ్రంలోంచి వస్తే రెగ్యులేటర్ లోపలి సీలు పోయినట్టు. మాకు ఆ రెండు చోట్లా ఏమీ రాలేదు. సిలిండర్ రైఫిల్‌లోకి బిగుసుకునే చోట మాత్రం ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

ఒత్తిడి ఉండగా దేన్నీ విప్పకూడదు. సిలిండర్ తీసేసి, పెల్లెట్ లేకుండా, గొట్టం ఎవరూ లేని వైపు పెట్టి, లోపల మిగిలిన గాలి మొత్తం పోయేదాకా ట్రిగ్గర్ నొక్కాం. తర్వాత ఓ-రింగును వెదురు పుల్లతో తీశాం. ఇనప సూదితో తీస్తే గాడిలో గీత పడుతుంది, ఆ గీతే కొత్త లీకవుతుంది. ఓ-రింగ్ ఒక పక్క అణిగిపోయి, చిన్న కోత పడి ఉంది. వెర్నియర్‌తో కొలిచి, అదే సైజులో, ఎక్కువ ఒత్తిడికి ఆగే గట్టి నైట్రైల్ రింగు తెచ్చాం. దాని ధర ఒక టీ కంటే తక్కువ. సిలికాన్ గ్రీజు పలచగా రాసి కూర్చోబెట్టాం. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె లాంటివి అస్సలు వాడొద్దు. అంత ఒత్తిడిలో నూనె ఆవిరి అంటుకుంటుంది. సిలిండర్‌ను సొంతంగా విప్పే సాహసం చెయ్యొద్దు. దాని మీద అచ్చేసిన గడువు తేదీ దాటితే పక్కన పెట్టెయ్యాలి. నింపేటప్పుడు నెమ్మదిగా నింపాలి. వేగంగా నింపితే గాలి వేడెక్కి, చల్లారాక గేజీ కొంత దిగుతుంది. అది లీకు కాదు.

వారం పాటు కాల్చకుండా చూశాం. ముల్లు దాదాపు 200 మీదే నిలబడింది.

ఈ పని చేస్తున్నంతసేపూ నాకు మా తాత గుర్తొస్తూనే ఉన్నాడు. ఆయన లందలో తంగేడు చెక్కతో తోలు ఊనేవాడు. ఊరికి మోట బొక్కెనలు కుట్టేవాడు. కమ్మరి కొలిమికి తిత్తి కుట్టిచ్చేవాడు. తిత్తి అంటే గాలిని పట్టి ఉంచే తోలుసంచి. కుట్టులో ఎక్కడైనా గాలి జారితే కొలిమి రాజుకోదు, కొలిమి రాజుకోకపోతే ఊళ్ళో నాగలి కర్రు సాగదు. లీకు పట్టడం మా ఇంటి విద్య.

ఇది ఒక్క మా ఊరి సంగతే అనుకోవద్దు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం గిరార్డోనీ అనే గాలి రైఫిల్ వాడింది. ఇప్పటి మన రైఫిల్‌కు అది ముత్తాత. మడమ భాగంలోనే గాలి నిలవ ఉంచేవారు. నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి. ఆ గాలిని ఆపింది తోలు వాషర్లు. అవి ఎండిపోతే గాలి పోతుంది కాబట్టి తడిగా ఉంచేవారు. సైకిల్ పంపులో తోలు వాషర్ చూడని వాళ్ళు మనలో ఉన్నారా? రబ్బరు రాకముందు గాలికి కాపలా కాసింది తోలే.

తెలుగు మాస్టారిని కాబట్టి ఇంకో మాట. మన ఛాతీలో ఉన్నవాటిని ఏమంటాం? ఊపిరితిత్తులు. ఊపిరి నింపుకునే తోలుసంచులు. తోలు ముట్టుకున్నవాణ్ణి ఊరవతల ఉంచిన సమాజం తన ఊపిరికి పేరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు వాడి చేతి పనిలోంచే మాట తీసుకుంది. ఆ మాట పలకని తెలుగువాడు లేడు.

కులం శ్రమను మాత్రమే పంచలేదని, శ్రమ చేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. చాతుర్వర్ణ్యం కింది కులాలకు ఆయుధం లేకుండా చేసిందని కూడా అందులోనే చెప్పారు. తిత్తి కుట్టినవాడికి మిగిలింది అంటు. ఆ తిత్తి ఊదిన నిప్పులో సాగిన కత్తి ఇంకొకరి చేతికి పోయింది. ఇవాళ అదే పనిని టెక్నికల్ నాలెడ్జ్ అంటున్నారు. అది మనకు రాదని మనకే చెబుతున్నారు.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, మీ మీద ఎవరైనా తీర్పు చెప్పినప్పుడు ముందు గేజీ చూపించమని అడగండి. స్కాలర్‌షిప్ ఏ నెలలో ఆగింది, హాస్టల్‌లో లైట్లు ఎన్నింటికి ఆర్పుతున్నారు, లాబ్‌లో మీ చేతికి పరికరం ఎన్నిసార్లు వచ్చింది, ఇవన్నీ తేదీలతో నోటుబుక్కులో రాసుకోండి. సబ్బు నీళ్ళు రాసి చూడండి. బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడ వేలు పెట్టి చూపించండి. కోపం అవసరమే. తేదీలతో రాసుకున్న లెక్క ఉంటే ఆ కోపానికి ఎవరూ ఎదురు మాట్లాడలేరు.

ఆ అమ్మాయి ఇప్పుడు బ్యాగులో చిన్న డబ్బా పెట్టుకుని తిరుగుతోంది. అందులో ఓ-రింగులు, వెదురు పుల్లలు, గ్రీజు. రేంజిలో ఇంకో ఇద్దరి రైఫిళ్ళు తనే బాగుచేసింది. ట్రయల్స్ వచ్చే నెల. ఎంపికవుతుందో లేదో నేను చెప్పలేను. అర మిల్లీమీటరు చుక్క ఎవరికీ మాటివ్వదు. ఈసారి గెలిస్తే ఆ గెలుపు ఆమెది, ఓడితే ఆ ఓటమి కూడా ఆమెదే. టీ కంటే చవకైన రింగు చేసిన తప్పు ఆమె ఇంటి మీదికి, కులం మీదికి పోదు. తన ఓటమి తనదిగా ఉండే హక్కు కూడా మన పిల్లలకు ఇన్నాళ్ళూ లేదు.

జై భీమ్.