లీజెలోట్టె పుట్టింటి ఉత్తరాలు

పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న ఆడపిల్ల ఎన్ని ఉత్తరాలు రాయగలదంటారు? వందా? వెయ్యా? ఇవాళ నేను చెప్పబోయే ఆమె జీవితకాలంలో 60 వేల దాకా రాసి ఉంటుందని పండితుల అంచనా. వాటిలో సుమారు 5 వేలు మన కాలందాకా మిగిలాయి. ఆమె పేరు ఎలిజబెత్ షార్లొట్. ఇంట్లోవాళ్ళకి లీజెలోట్టె. 1652 మే 27న, నెక్కర్ నది ఒడ్డున ఉన్న హైడెల్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి కార్ల్ లూడ్విగ్ పాలటినేట్ సంస్థానానికి ప్రభువు. ముప్ఫయ్యేళ్ళ యుద్ధం పాడు చేసి వెళ్ళిన నేలని మళ్ళీ నిలబెట్టే పనిలో ఉన్నాడు.

దేశాన్ని చక్కబెట్టాడు గానీ, ఇంటిని చక్కబెట్టుకోలేకపోయాడు. భార్య షార్లొట్‌కీ అతనికీ పడలేదు. ఆవిడ కొలువులోనే ఉన్న లూయీజె ఫన్ డేగెన్‌ఫెల్ట్ అనే అమ్మాయి మీద అతని మనసు పడింది. భార్య విడాకులకి ఒప్పుకోకపోతే, తానే పాలకుణ్ణి కనుక తనకి తానే అనుమతి ఇచ్చుకుని 1658లో ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కోట వదిలి కదలలేదు. ఒకే కప్పు కింద ఇద్దరు భార్యలు, మధ్యలో ఆరేళ్ళ పిల్ల. ఆ పిల్లకి ఏం అర్థమై ఉంటుందో, ఏం అర్థం కాకుండా ఉంటే బాగుండేదో మీరే ఊహించండి.

అప్పుడు ఆదుకున్నది మేనత్త. తండ్రి చెల్లెలు సోఫీ. ఆవిడకి పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. అయినా 1659లో మేనకోడల్ని హనోవర్‌కి తీసుకుపోయి, నాలుగేళ్ళు కన్నకూతురిలా పెంచింది. లీజెలోట్టె పెద్దయ్యాక సుఖం అనే మాట ఎప్పుడు తలచుకున్నా ఆ నాలుగేళ్ళ దగ్గరికే వెళ్ళేది. అత్తతోబాటు హాలండ్ వెళ్ళి నాయనమ్మని చూసి వచ్చింది కూడా. ఆ తరవాత అమ్మ హైడెల్‌బర్గ్ వదిలి తన పుట్టింటికి వెళ్ళిపోయింది, ఈ పిల్ల తండ్రి దగ్గరికి తిరిగి వచ్చింది. తెల్లవారుజామున రొట్టెముక్క చేత పట్టుకుని కోట తోటలో చెర్రీ పళ్ళు తిన్న సంగతి ముసలితనంలో కూడా నోరూరేలా రాసుకుంది.

ఇక్కడే నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది. తిరిగి వచ్చేసరికి ఇంటినిండా సవతి తల్లి పిల్లలు. తండ్రికి ఆ రెండో పెళ్ళివల్ల మొత్తం 13 మంది పుట్టారు. వాళ్ళకి సింహాసనం మీద హక్కు లేదు, తక్కువ స్థాయి బిరుదు ఒకటి ఇచ్చి సరిపెట్టారు. తన తల్లి కన్నీళ్ళకి కారణమైన మనిషి కన్న పిల్లలు. వాళ్ళని దూరం పెట్టినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె మాత్రం వాళ్ళని ఎత్తుకుని తిరిగింది. కార్ల్ లూడ్విగ్ అని తండ్రి పేరే పెట్టిన తమ్ముణ్ణి నల్లజుట్టువాడా అని ముద్దుగా పిలుచుకునేది. ఆ కుర్రాడు పెద్దవాడై, వెనిస్ తరఫున టర్కీ సైన్యం మీద పోరాడుతూ 1688లో గ్రీసులో చనిపోయాడు.

ఇక ఆమె పెళ్ళి. ఫ్రాన్సు రాజు 14వ లూయీ తమ్ముడు, ఓర్లియన్స్ డ్యూక్ ఫిలిప్‌కి మొదటి భార్య చనిపోయింది. పక్కనే ఉన్న బలమైన ఫ్రాన్సుతో వియ్యం అందితే తన చిన్న సంస్థానానికి దన్నుగా ఉంటుందని తండ్రి ఆశ. ఫ్రాన్సులో స్థిరపడిన ఒక పిన్ని మధ్యవర్తిగా నిలబడింది. 1671లో మెట్స్ పట్టణంలో మతం మార్చి, పెళ్ళికొడుకు లేకుండానే అతని తరఫున మరొకరిని నిలబెట్టి పెళ్ళి చేశారు. ఆమెకి 19 ఏళ్ళు. మళ్ళీ హైడెల్‌బర్గ్ ముఖం చూడలేదు.

భర్తకి మనసంతా తన మగ స్నేహితుల మీదే. వాళ్ళు ఆమెని నానా బాధలూ పెట్టారు. అయినా ముగ్గురు పిల్లలు పుట్టారు, పెద్దవాడు మూడేళ్ళు నిండకుండానే పోయాడు. భర్త మొదటి భార్య వదిలివెళ్ళిన ఇద్దరు ఆడపిల్లల్నీ ఆమే చూసుకుంది. వాళ్ళలో చిన్నది సవాయ్‌కి కోడలై వెళ్ళాక కూడా ఆ సవతి తల్లి ఉత్తరాలు ఆగలేదు. చూశారా, ఈమె జీవితంలో సవతి అన్న మాట తగిలిన చోటల్లా మమతే కనిపిస్తుంది. పీడించినవి వేరే బంధాలు.

ఆ మాట ఎందుకన్నానో వినండి. 1685లో ఆమె సొంత అన్న సంతానం లేకుండా చనిపోయాడు. పాలటినేట్ దాయాదులకి వెళ్ళింది. వెంటనే 14వ లూయీ లేచి, మా మరదలికి ఆస్తిలో హక్కుంది అన్నాడు. ఆమె అడగలేదు, ఆమెని ఎవరూ అడగలేదు. 1688లో ఫ్రెంచి సేనలు రైన్ నదివైపు నడిచాయి. మరుసటి ఏడు హైడెల్‌బర్గ్ కోటకి మందుపాతర పెట్టారు, మాన్‌హైమ్‌ని నేలమట్టం చేశారు, ష్పాయర్, వోర్మ్స్ తగలబెట్టారు. 1693లో మళ్ళీ వచ్చి హైడెల్‌బర్గ్‌లో మిగిలినది కూడా కాల్చారు. తండ్రి ఇటుక ఇటుక పేర్చి నిలబెట్టుకున్న ఊళ్ళు, కూతురి పేరు చెప్పి బూడిద చేశారు. కూతురేమో ఆ కాల్చినవాడి పంక్తిలోనే భోజనానికి కూర్చోవాలి. రాత్రి కన్ను మూతపడితే ఆ ఊళ్ళే మంటల్లో కనిపించేవని, ఉలిక్కిపడి లేచి ఏడ్చేదాన్నని మేనత్తకి రాసుకుంది. నేను ఎన్నో యుద్ధాల చరిత్రలు చదివాను గానీ, ఆడపడుచు పేరుమీద ఆమె పుట్టింటినే కాల్చిన ఇంత దుర్మార్గం మరొకటి చూడలేదు.

ఆ ఏడుపు కూడా రహస్యంగా ఉండనివ్వలేదు. టపా విప్పి చదివే మనుషులు రాజుకి ఉన్నారు. ఆమెకి తెలుసు, అయినా రాయడం మానలేదు. రాజు రహస్యంగా పెళ్ళాడిన మాంటెనాన్ దొరసానిని ఉత్తరాల్లో దుమ్మెత్తిపోసేది. 1701 జూన్‌లో భర్త పోయాడు. రాజుకి తన మీద దయ తప్పిందని ఆ దొరసాని దగ్గరే మొరపెట్టుకుంటే, ఆవిడ మెల్లగా ఒక కాగితం తీసి, ఇది ఎవరి చేతిరాతో చెప్పమందట. ఇది సెంసిమో డ్యూక్ తన జ్ఞాపకాల్లో చెప్పిన ముచ్చట. 1692లో వెర్సాయ్‌లో నలుగురి ముందూ కొడుకు చెంప ఛెళ్ళుమనిపించిన కథ కూడా ఆయన చెప్పిందే. రాజుకి పెళ్ళికాని సంబంధంలో పుట్టిన కూతురిని చేసుకోవడానికి ఆ కుర్రాడు తలూపడమే నేరం. ఆ కొడుకే 1715 తరవాత, బాలుడైన 15వ లూయీ పేరుమీద ఫ్రాన్సుని ఏలాడు. కూతురు లొరేన్ కోడలైంది, ఆమె కొడుకు ఫ్రాన్సిస్ తరవాత చక్రవర్తి అయ్యాడు. గిలటిన్‌కి బలైన మేరీ ఆంత్వానెత్ ఆ ఫ్రాన్సిస్ కూతురే.

1714లో మేనత్త సోఫీ కన్నుమూసింది. ఇంకొన్ని వారాలు బతికి ఉంటే ఇంగ్లండుకి రాణి అయ్యేది. ఆ సింహాసనం ఆమె కొడుకు జార్జ్‌కి దక్కింది. నలభై ఏళ్ళకి పైగా ఒకే మనిషికి మనసు విప్పి రాసిన చెయ్యి ఇక ఎవరికి రాయాలి? సవతి చెల్లెలు లూయీజె మిగిలింది, తల్లి పేరే పెట్టుకున్న పిల్ల. పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచి పెద్ద పెద్ద ఉత్తరాలన్నీ ఆమెకే. ఒంట్లో నలత, మనవల అల్లరి, పారిస్ ధరలు, క్యాబేజీ పులియబెట్టి చేసే జర్మను కూర దొరకని లోటు, అన్నీ. టీ, కాఫీ, చాక్లెట్ మూడూ ఆమెకి గిట్టవు.

1722 అక్టోబరులో ఓపిక లేకున్నా రైమ్స్‌కి ప్రయాణమైంది. రాజు పట్టాభిషేకం ఒక సాకు. లొరేన్ నుంచి వచ్చే కూతుర్నీ మనవల్నీ చూసుకోవడమే అసలు పని. డిసెంబరు 8న సాంక్లూ కోటలో చనిపోయింది.

లూయీజె ఆ ఉత్తరాల్ని జాగ్రత్త చేసింది కాబట్టే, 1867 నుంచి 1881 దాకా అవి ఆరు సంపుటాలుగా అచ్చయ్యాయి. లీజెలోట్టెకి వచ్చిన జవాబులు మాత్రం దాదాపు ఏవీ మిగల్లేదు. ఎంపిక చేసిన ఉత్తరాలు ఇంగ్లీషులో దొరుకుతాయి. చదివితే వెర్సాయ్ వింతల దగ్గరే ఆగిపోకండి, చెల్లెలికి రాసినవి కూడా తప్పకుండా చదవండి.