ఒక రోగి, రెండు నంబర్లు

నేను పదవీ విరమణ చేయడానికి కొద్దికాలం ముందు జరిగిన సంగతి ఇది. రేపల్లె నుండి ఒక రైతు కాలి పుండుతో, జ్వరంతో తెనాలిలో నేను పనిచేస్తున్న ఆసుపత్రికి వచ్చారు. బాపట్లలో చదువుకుంటున్న ఆయన కుమారుడు ముందురోజు రాత్రి సెల్‌ఫోనులోనే ఓ.పి. నమోదు చేశాడు. సబ్మిట్ బటన్ నొక్కిన తరువాత తెర కదలకపోయేసరికి మళ్ళీ నొక్కాడు. కంప్యూటరు ఒకే మనిషిని ఇద్దరుగా నమోదు చేసుకుంది.

నర్సు "పెన్సిలిన్ పడదు" అని రాసుకున్నది మొదటి నంబరు కింద. నా తెరపైకి వచ్చినది రెండవ నంబరు. అందులో ఆ గడి ఖాళీ. నేను ఆ జాతి మందే రాయబోతుండగా ఆయన భార్య, "డాక్టరుగారూ, వెనక పెన్సిలిన్ సూదికే ఈయనకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదండీ" అన్నారు. నా కలం ఆగిపోయింది. ఆనాడు ఆయనను కాపాడినది ఆ యిల్లాలి జ్ఞాపకమే.

తరువాత కంప్యూటరు విభాగపు యువకుణ్ణి నివారణ ఏమిటని అడిగాను. ఫారం తెరిచినప్పుడే దానికొక రహస్య సంఖ్యను జతచేయాలనీ, అదే సంఖ్యతో ఫారం రెండవసారి వస్తే సర్వర్ కొత్త నమోదు చేయక పాత నంబరునే చూపాలనీ చెప్పాడు. ఒకసారి నొక్కగానే బటన్‌ను పనిచేయకుండా చేయడం మంచిదే కాని, అదొక్కటే చాలదట. పేజీని రిఫ్రెష్ చేస్తే పాత వివరాలే మళ్ళీ వెళ్ళవచ్చు. మా వార్డుల్లోనూ ఇదే పద్ధతి: మందు ఇవ్వగానే నర్సు కేస్ షీటులో సమయం వేసి సంతకం చేస్తుంది, అది చూసిన తరువాతి షిఫ్టువారు రెండవ మోతాదు ఇవ్వరు.

"ఫోను నంబరు ఒకటే అయితే ఆపేస్తే సరిపోదా?" అన్నాను. సరిపోదు. మన ఇళ్ళలో ఒక ఫోను నలుగురిది. 2021లో కోవిడ్ టీకాలకు కోవిన్‌లో ఒకే మొబైల్ నంబరుపై నలుగురి వరకు నమోదుకు వీలు కల్పించారు. అలా ఆపితే తండ్రి పేరు ఉన్నందున బిడ్డకు చీటీ దొరకదు.

పాఠకులకు నా మనవి. బటన్ నొక్కాక తెర కదలకపోతే తొందరపడకండి. ఫోనుకు సందేశం వచ్చిందేమో చూడండి. రాకపోతే ఆసుపత్రికి ఫోను చేసి అడగండి. రెండు నంబర్లు వచ్చి ఉంటే రిజిస్ట్రేషన్ కౌంటరులో చెప్పి ఒకటిగా కలిపించుకోండి. పడని మందు పేరును కాగితంపై రాసి జేబులో ఉంచుకోండి. చూసే ప్రతి వైద్యునికీ నోటితో కూడా చెప్పండి.