రోమ్ వెళ్తున్నారా? ముందు నాలుగు పేజీలు తిప్పండి!

‘రోమన్ హాలిడే’ ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క తెలీదు. 1953లో విలియం వైలర్ తీసిన ఆ సినిమాలో ఆడ్రే హెప్బర్న్ స్పానిష్ మెట్ల మీద ఐస్‌క్రీమ్ తింటుంటే, ఆ మెట్ల మీద ఒక్కసారైనా కూర్చోకపోతే ఈ జన్మెందుకు అనిపించేది. నాలుగేళ్లు చీటీ కట్టి, చివరికి రోమ్ వెళ్లాను. ఐస్‌క్రీమ్ కొన్నాను. దర్జాగా మెట్ల మీద కూర్చున్నాను. అర నిమిషం కాలేదు... ఎక్కడినించో ఈల! తలెత్తి చూస్తే ఎదురుగా పోలీసు!

సంగతేమిటంటే, 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోవడం నిషేధం. కూర్చుంటే జరిమానా. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, లేచి వెళ్లమని సైగ చేసి ఊరుకున్నాడు. ఈ మధ్య అచ్చయిన గైడు పుస్తకం ఏది తిరగేసినా ఈ సంగతి తెలిసేది. నేను తిరగేస్తేగా!

అదలా ఉంచండి. అసలు అవమానం రోమ్‌లో జరగలేదు. మా వీధిలోనే జరిగింది.

మాస్టారి ప్రశ్న

మా వీధి చివర రిటైరైన హిస్టరీ మాస్టారు ఒకాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి రోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పారు. రోమ్ మాత్రం చూళ్లేదు. నేను వెళ్తున్నానని తెలిసి ఇంటికి పిలిచి, క్రిస్టఫర్ హిబ్బర్ట్ రాసిన రోమ్ నగర చరిత్ర చేతిలో పెట్టబోయారు.

‘‘ఇది చదువుకుని వెళ్లవోయ్’’ అన్నారు.

‘‘ఎందుకండీ మాస్టారూ, అన్నీ ఫోన్లో ఉంటాయి. పైగా బరువు’’ అన్నాను.

ఆయన నవ్వి, పుస్తకం బీరువాలో పెట్టేసుకున్నారు.

తిరిగొచ్చాక ఆరువందల ఫొటోలతో ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూశారు. చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

‘‘ఫోరమ్‌లో సీజర్‌ని దహనం చేసిన చోటు చూశావా? ఇప్పటికీ ఎవరో ఒకరు అక్కడ పూలు పెట్టి పోతుంటారట, నిజమేనా?’’

నా గొంతు తడారిపోయింది. పూలు నేను చూశాను! ఓ పొట్టి గోడ వెనకాల, రేకు కప్పు కింద, మట్టిదిబ్బ లాంటి దాని మీద ఎవరో పెట్టిన పూలు. ‘ఏదో ఉంటుందిలే’ అనుకుని, ఎండగా ఉందని ముందుకి నడిచేశాను. ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. క్రీస్తు పూర్వం 44 మార్చి 15న పొడిచి చంపిన జూలియస్ సీజర్‌కి చితి పేర్చింది ఆ చోటేనని, తర్వాత అక్కడ గుడి కట్టారని, ఆ దిబ్బ ఆ గుడి తాలూకు మిగులేనని అప్పుడు నాకు తెలిస్తేగా!

‘‘నా మోకాళ్లతో నేనిక వెళ్లేది లేదు కదా, నీ కళ్లతో చూద్దామనుకున్నాను’’ అన్నారు మాస్టారు. కోపంగా అన్లేదు. అంటే బావుండేది.

ఆ రాత్రే పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో నాలుగైదు చదివాను. నాలా నాలుక్కరుచుకోకుండా ఉండాలనుకునే కుర్రకారు కోసమే ఇదంతా రాస్తున్నాను.

కాళ్లకో పుస్తకం

గైడు పుస్తకాలు రెండు రకాలు. మొదటిది కాళ్లకి పనికొచ్చేది. ఏ బస్సెక్కాలి, ఏ రోజు ఏది మూస్తారు, ఎక్కడ తింటే జేబు ఖాళీ కాదు... ఇవన్నీ అందులో ఉంటాయి. లోన్లీ ప్లానెట్ వాళ్లవి, రిక్ స్టీవ్స్‌వి ఈ రకం. వీటిని కొనేటప్పుడు అట్ట కాదు చూడాల్సింది, లోపల అచ్చయిన సంవత్సరం! పాత ప్రతి సగం ధరకి వచ్చిందని మురిసిపోతే అంతే సంగతులు.

ఉదాహరణకి వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం తప్ప. నేను సరిగ్గా రెండో ఆదివారం వెళ్లి గోడ చూసి వచ్చాను. బోర్గేసే గ్యాలరీకి ముందే టికెట్టు తీసుకోవాలి, లోపల రెండు గంటలే ఉండనిస్తారు. కాఫీ బారులో నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుని తాగితే ఇంకో రేటు. మంచినీళ్లకి పైసా పెట్టక్కర్లేదు, వీధివీధినా పంపుల్లో చల్లటి నీళ్లు ధారగా పడుతుంటాయి. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే పుస్తకం ఖరీదు మొదటి రోజే తిరిగొస్తుంది.

మనవాళ్లకి ఇదేమీ కొత్త కాదండోయ్! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్లొస్తూ, దారిలో ఏ ఊళ్లో సత్రం ఉంది, ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్నీ రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ తర్వాతి యాత్రికులకి అక్షరాలా గైడు పుస్తకమే.

కళ్లకో పుస్తకం

రెండో రకం కళ్లకి పనికొచ్చేది. మన ఎదుట ఉన్న రాయి ఏమిటో చెప్పేది. బ్లూ గైడ్స్, మిషెలిన్ ఆకుపచ్చ గైడ్లు ఇలాంటివి. పాంథియాన్ ముందు నిలబడితే నుదుటి మీద పెద్దపెద్ద అక్షరాలతో అగ్రిప్పా కట్టించాడని ఉంటుంది. నమ్మామా, పప్పులో కాలేసినట్టే! ఇప్పుడున్న కట్టడం హేడ్రియన్ చక్రవర్తి కాలానిది, సుమారు 126 నాటిది. కాలిపోయిన పాత గుడి కట్టించిన అగ్రిప్పా పేరునే కొత్తదాని మీదా చెక్కించాడాయన. ఇప్పటికీ ఉక్కు కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. నేల నుంచి పైదాకా ఎత్తు 43 మీటర్లు, అడ్డకొలతా అంతే! ఇది తెలిసి తలెత్తి చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

అయితే ఒక జాగ్రత్త. పుస్తకంలో తలదూర్చి ఊరు చూడటం మర్చిపోయేవాళ్లూ ఉంటారు. జర్మనీలో కార్ల్ బేడెకర్ అనే ఆయన 1827లో ప్రచురణ సంస్థ పెట్టి, తన గైడుల్లో చూడదగ్గ వాటికి నక్షత్రాలు వేసేవాడు. జనం నక్షత్రం ఉన్నచోట ‘ఆహా’ అనేవారు, లేనిచోట నడిచిపోయేవారు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1908 నాటి నవల ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’లో దీన్నే వేళాకోళం చేశాడు. హీరోయిన్ ఫ్లారెన్స్ చర్చిలో గైడు పుస్తకం చేతిలో లేక మొదట బిక్కమొహం వేస్తుంది. కాసేపటికి చుట్టూ మనుషుల్ని చూస్తూ హాయిగా తిరుగుతుంది. ఈ నవలనే 1985లో జేమ్స్ ఐవరీ సినిమాగా తీశాడు. నిర్మాత మన బొంబాయివాడు ఇస్మాయిల్ మర్చంట్! రోమ్ కాదు ఫ్లారెన్స్ వెళ్లేవాళ్లయినా సరే, ముందు ఆ సినిమా చూసి మరీ విమానం ఎక్కండి.

సినిమా ఒకటి చెబుతుంది, చరిత్ర ఒకటి చెబుతుంది

‘గ్లాడియేటర్’ (2000) చూడని సినీ ప్రియులుండరు. చివర్లో కొలోసియం నడిబొడ్డున కొమోడస్ చక్రవర్తి హీరో చేతిలో చస్తాడు. ఈలలే ఈలలు! నిజానికి కొమోడస్‌కి గోదాలో దిగే పిచ్చి ఉన్నమాట వాస్తవమే గాని, అతను చచ్చింది అక్కడ కాదు. 192 డిసెంబరు 31న నార్సిసస్ అనే మల్లయోధుడు గొంతు పిసికి చంపాడు. సినిమాలో మనం చూసే కొలోసియం కూడా మాల్టాలో కొంత సెట్టు, మిగతాది కంప్యూటర్ మాయ. మన 2022 ‘రాధేశ్యామ్’లో 1970ల ఇటలీ కొంతభాగం హైదరాబాద్‌లోనే లేచింది కదా, అలాగే!

సినిమా అబద్ధం చెప్పిందని నిందించడం నా ఉద్దేశం కాదు. సినిమా మనకి రోమ్ మీద మోజు పుట్టిస్తుంది. ఆ మోజుని చరిత్ర పుస్తకం చేతికిస్తేనే అది నిలబడుతుంది.

మరి ఏ చరిత్ర? నాలాంటి మామూలు డిగ్రీ చదువువాళ్లకి మొదట హిబ్బర్టే మేలు. ఊరి కథని ఒకే సంపుటంలో, మనుషుల కబుర్లతో ముస్సోలినీ దాకా నడిపిస్తాడు. ఆ తర్వాత మేరీ బియర్డ్ 2015లో రాసిన ‘ఎస్.పి.క్యూ.ఆర్.’ చదవండి. సెనేట్, రోమ్ ప్రజలు అని ఆ అక్షరాలకి అర్థం. రోమ్‌లో మురుగు కాలువ మూతల మీద కూడా అవే అక్షరాలు కనిపిస్తాయి. ఏ కథ సాక్ష్యమున్నది, ఏది తర్వాత అల్లినది అని ఆవిడ విడమర్చి చెబుతుంది. గిబ్బన్ ఆరు సంపుటాల జోలికి మాత్రం ప్రయాణానికి ముందు పోకండి. 1764లో రోమ్ శిథిలాల మధ్య కూర్చుని ఆయనకా ఆలోచన వచ్చింది. చివరి సంపుటాలు 1788లో గాని రాలేదు. రాయడానికే అంతకాలం పట్టింది, మనం పదిహేను రోజుల్లో చదవగలమా?

మనకీ రోమ్‌కీ చుట్టరికం

చదువుతుంటే ఒకచోట ఉలిక్కిపడ్డాను. మొదటి శతాబ్దపు ప్లీని, ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు, అంటే వాళ్ల నాణేలు, ఇండియాకి పోతున్నాయని మొత్తుకున్నాడు. ఆ సొమ్ములో కొంత మన దగ్గరికే వచ్చింది! అదే శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఓడల దారుల పుస్తకం, మసాలియా అనే తీరంలో సన్నబట్టలు విరివిగా నేస్తారని చెబుతుంది. అది కృష్ణా ముఖద్వారం దగ్గరి మన మచిలీపట్నం ప్రాంతమేనని పండితుల మాట. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అక్కడి మెట్లమెట్ల ఇటుకల రంగస్థలాన్ని, సాగర్ డ్యాము కట్టేటప్పుడు అనుపుకి తరలించి మళ్లీ కట్టారు. రోమ్ వెళ్లేముందు ఒక ఆదివారం అనుపు వెళ్లి ఆ మెట్ల మీద కూర్చుని రండి. కొలోసియం చూసినప్పుడు అది గుర్తొస్తుంది.

ఎప్పుడు, ఎలా?

మూడు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి రెండు నెలలూ చరిత్ర, రోజుకి పది పేజీలు చాలు. మూడో నెల కళ్ల పుస్తకం. చూడాలనిపించినవి కాగితం మీద రాసుకోండి, పాతిక దాటనివ్వకండి. కాళ్ల పుస్తకం ప్రయాణంలో చేతిలో ఉంటే సరి. కొనే స్తోమతు లేకపోతే లైబ్రరీ ఉంది. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ ఉంది. చరిత్ర పుస్తకం పాతదైనా ఫరవాలేదు, సీజర్ మళ్లీ బతికి రాడు కదా!

ఇంతకీ నా సంగతంటారా? మళ్లీ చీటీ మొదలుపెట్టాను. మాస్టారు తన హిబ్బర్ట్‌లో పెన్సిల్‌తో గీతలు పెట్టి ఇచ్చారు. మొత్తం పదకొండు చోట్లు. మొదటిది, ఆ పూలున్న దిబ్బ. రెండోది సీజర్‌ని పొడిచిన చోటు, లార్గో అర్జెంటీనా. ఇప్పుడక్కడ పిల్లులు కాపురముంటున్నాయి.

‘‘ఈసారి ఫొటోలు తక్కువ తియ్యి, కబుర్లు ఎక్కువ తీసుకురా’’ అన్నారాయన.

తప్పకుండా తెస్తాను. ఐస్‌క్రీమ్ మాత్రం ఈసారి నిలబడే తింటాను!