కాదు అంటే చెవి!

"సెలవుల్లో చెన్నై వెళ్తున్నాను, సినిమా పని నేర్చుకోవడానికి" అనగానే మా వీధిలో అందరూ వేసిన ప్రశ్న ఒక్కటే - "వేషం దొరికిందా అమ్మాయ్?"

వేషం కాదండీ, సౌండు... అన్నాను. "అంటే పాటలు పాడతావా?" అన్నారు ఎదురింటి పిన్నిగారు. పాటలు కూడా కాదు. "మరి?"

ఆ 'మరి?'కి అప్పటికి నా దగ్గరా సరైన జవాబు లేదు!

మాది రాజమండ్రి. 2023 వేసవికి నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. ఆరు వారాలు ఎక్కడైనా పని నేర్చుకుని, నేర్చుకున్నట్టు కాగితం తెమ్మన్నారు కాలేజీవాళ్ళు. ఇంటర్న్‌షిప్ అంటే అదే. మా క్లాసులో సగం మంది హైదరాబాదులో సాఫ్ట్‌వేరు కంపెనీలు చూసుకున్నారు. అక్కడైతే నెలకి ఎంతోకొంత చేతికొస్తుంది. నాకు చెన్నై సాలిగ్రామంలోని ఒక చిన్న సౌండ్ స్టూడియో నుంచి వచ్చిన జవాబులో మాత్రం రెండే ముక్కలున్నాయి - జీతం లేదు, మధ్యాహ్నం భోజనం వుంది.

నాన్నగారు ఆ జవాబు రెండుసార్లు చదివారు. "ఆరు వారాలు. ఆ తర్వాత సినిమా మాట ఎత్తకుండా క్యాంపస్ సెలక్షన్లకి చదువుకుంటానంటే వెళ్ళు" అన్నారు. తలూపాను. హాస్టలు డబ్బుల కోసం అమ్మ చీటీ పాడింది. చీటీ పాడటమంటే మీకు తెలుసుగా - ఆఖరిదాకా ఆగితే వచ్చేదానికంటే తక్కువకి ఒప్పుకుని ముందే తీసుకోవడం. ఆ తగ్గిన డబ్బే నా సినిమా పిచ్చి ఖరీదన్నమాట. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ లెక్కే బుర్రలో తిరిగింది.

తాతయ్య చెప్పిన మద్రాసు

సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగి, ఎగ్మోరులో మెట్రో ఎక్కి, వడపళనిలో బయటికొచ్చేసరికి ఎండ అప్పుడే నెత్తికెక్కుతోంది. మే మొదటివారం దాటితే చెన్నైలో అగ్ని నక్షత్రం రోజులు. ఆ మాటకి తగ్గట్టే వుంది వ్యవహారం!

మా తాతయ్య చెప్పే మద్రాసు వేరు. ఆయన మద్రాసులో అడుగడుగునా తెలుగు తారలే. 1957లో 'మాయాబజార్' తీసిన విజయా వాహినీ స్టూడియో ఇక్కడే వుందని ఎన్నోసార్లు చెప్పారు. వెళ్ళి చూశాను. ఆ స్థలంలో ఇప్పుడు ఓ పెద్ద షాపింగ్ మాలూ, ఆస్పత్రీ వున్నాయి. మన తెలుగు సినిమా 1970ల నుంచీ మెల్లమెల్లగా హైదరాబాదుకి తరలిపోయింది. 1976లో అక్కడ అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. కానీ సాలిగ్రామం సందుల్లో పైకి మామూలు ఇళ్ళలా కనబడే మేడల్లో డబ్బింగ్, ఎడిటింగ్, మిక్సింగ్ జరుగుతూనే వున్నాయి. నా స్టూడియో కూడా అలాంటి ఓ మేడలో రెండో అంతస్తు. కింద టైలరు కొట్టు, పైన మేము.

గంజి డ్రస్సు గొడవ

మే 8, సోమవారం. మొదటిరోజు కదా అని అమ్మ గంజిపెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చిన కాటన్ డ్రస్సు వేసుకుని, చేతినిండా గాజులతో వెళ్ళాను. అక్కడ అరవై దాటిన పెద్దాయన ఒకరు నేలమీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నారు. చెప్పులంటే ఒకటా రెండా! బూట్లు, హవాయి చెప్పులు, కొల్హాపూరీలు, హైహీల్సు - ఓ మూటెడు. స్టూడియోలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని 'అణ్ణా' అంటారు. నేనూ అలాగే పిలిచాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నడువు పాపా" అన్నారు. నడిచాను. "గంజి మాట్లాడుతోంది. గాజులు పాడుతున్నాయి. నీ కాలు మాత్రం వినపళ్ళేదు" అన్నారు. మద్రాసులో తెలుగు సినిమాల రికార్డింగులు జోరుగా సాగిన రోజుల్లో నేర్చుకున్న తెలుగట అది. 'నాకు తెలుగు బాగా వస్తుంది, కొంచెం కొంచెం' అంటారు ఎవరడిగినా!

మర్నాటినుంచి మెత్తని పాత బట్టలే. గాజులు హాస్టల్లో పెట్టెలో. కడుపునిండా తినిరావడం ఇంకో నియమం. ఎందుకంటే ఆకలేస్తే కడుపు చేసే గురగుర కూడా మైకులో పడుతుంది! టేకు నడుస్తున్నంతసేపూ ఏ.సి. కూడా ఆపేస్తారు. మే నెల, చెన్నై, తలుపులు బిగించిన గది... ఇక మీరే ఊహించుకోండి.

ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటంటే - షూటింగులో జనరేటరు మోత, ఫ్యాన్ల గోల, రోడ్డు మీద హారన్లు అన్నీ మాటలతోపాటే రికార్డవుతాయి. అందుకే మన సినిమాల్లో చాలావాటికి మాటలు తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తారు. షూటింగునాటి మాట తీసేస్తే దాంతోపాటు హీరో బూట్ల టకటకా, హీరోయిన్ చీర రెపరెపా, కాఫీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడూ అన్నీ పోతాయి. బొమ్మ కదులుతుంది గానీ దయ్యంలా కదులుతుంది! ఆ చప్పుళ్ళన్నిటినీ తెరమీద బొమ్మ చూస్తూ మళ్ళీ పుట్టించాలి. ఈ పనిని 'ఫోలీ' అంటారు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ అనే ఆయన పేరే దానికి పెట్టారు. 1929 నాటి 'షో బోట్' చిత్రంతో ఆయన ఈ పనికి దారి వేశారు. అణ్ణ మాత్రం పాత అలవాటు కొద్దీ 'ఎఫెక్ట్స్' అంటారు.

గదిలో నేలంతా గళ్ళు గళ్ళు. ఒక గడిలో ఇసుక, ఒక దాంట్లో కంకర, ఒకచోట చెక్క, ఒకచోట సిమెంటు, ఇంకోచోట ఎండుటాకులు. అణ్ణ ప్యాంటు మడిచి, హైహీల్సు తొడుక్కుని, హీరోయిన్ కోపంగా మెట్లు దిగిపోవడం ఎంత బాగా నడిచారంటే - కళ్ళు మూసుకుంటే హీరోయినే. కళ్ళు తెరిస్తే మీసాలున్న పెద్దాయన! నవ్వు ఆపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకున్నాను. గుర్రపు డెక్కలకి కొబ్బరి చిప్పలు, మంటల చిటపటలకి సెల్లోఫేన్ కాగితం. ఆ రెండూ ఆ రోజు నేనూ చేసి చూశాను.

కాదు... కాదు...

మంగళవారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక సీను చూపించి, "పాపా... కాదు!" అన్నారు అణ్ణ. నేనింకా ఏమీ చెయ్యందే! ఏం కాదు? మళ్ళీ "కాదు, కాదు" అంటూ వేలు చూపిస్తున్నారు. పనికిరానని పంపించేస్తున్నారేమోనని గుండె జారింది. చీటీ పాడిన అమ్మ గుర్తొచ్చింది.

తీరా చూస్తే ఆ వేలు ఆయన చెవి దగ్గరుంది. తమిళంలో 'కాదు' అంటే చెవి! కళ్ళతో కాదు, చెవితో చూడమని ఆయన చెబుతున్నది. విషయం తెలిశాక అందరం ఒకటే నవ్వు. ఆ రోజునుంచి అక్కడ నా ముద్దుపేరు 'కాదు పాప'.

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములని మీరు చదివే వుంటారు. అడుగు చప్పుడు రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయితే చాలు, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాడికి ఏదో తేడాగా వుంటుంది. అందుకని అణ్ణ హీరో కాళ్ళు చూడరు, భుజాలు చూస్తారు. కాలు నేలమీద పడేముందే భుజం చెప్పేస్తుందట!

నిశ్శబ్దం పట్టుకురా!

బుధవారం చిన్న రికార్డరు చేతికిచ్చి, "వెళ్ళి నిశ్శబ్దం పట్టుకురా" అన్నారు. పరాచికమనుకున్నాను. కాదు, నిజంగానే! మేడమెట్ల దగ్గర ఒక నిమిషం, డాబామీద ఒక నిమిషం, సందు చివర ఖాళీ కల్యాణమండపంలో ఒక నిమిషం. మాటల మధ్య ఖాళీలో ఏ శబ్దమూ లేకుండా వదిలేస్తే హాల్లో జనం స్పీకరు పోయిందనుకుంటారట. అందుకని ప్రతి గదికీ ఆ గది నిశ్శబ్దమే తెచ్చి పరవాలి. తిరిగొచ్చి వింటే నిజమే, మూడు నిశ్శబ్దాలూ మూడు రకాలు!

మొదటిరోజు మొదటి ఆటకి తమ్ముడితో పోటీపడి ఈలవేసే నేను, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిమిషం నిలబడటమంటే మాటలా?

ఆ రాత్రి హాస్టలు గదిలో నిద్ర పట్టలేదు. మా ఇంట్లో రాత్రిపూట నిశ్శబ్దమంటే దూరంగా గోదావరి వంతెన మీద వెళ్ళే రైలు. ఇక్కడ అది లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను విన్న చప్పుళ్ళలో నన్ను ఏడిపించింది అదొక్కటే - వినపడని చప్పుడు! లేచి అమ్మ ఇచ్చిన కొత్తావకాయ సీసా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పడుకున్నాను.

సరిగ్గా ఆ మర్నాడే హైదరాబాదు నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళ కంపెనీలో ఒకరు మానేశారట. "నెలకి పదివేలిస్తారే. శనివారంలోగా చెప్పు" అంది. పదివేలు! హాస్టలుకి పోను ఇంకా మిగులుతుంది. చీటీలో తగ్గిన సొమ్ము తిరిగొచ్చేస్తుంది. అణ్ణతో చెప్పాను. ఆయన వద్దనలేదు, వుండమనీ అనలేదు. "నేను చేరినప్పుడు నాకూ ఏమీ ఇవ్వలేదు పాపా. అది సరైన పద్ధతని మాత్రం చెప్పను" అన్నారు. ఇంట్లో అండ వున్నవాళ్ళే ఇలాంటి చోట పని నేర్చుకోగలరు. లేనివాళ్ళ చెవులు ఎంత చురుకైనవైనా తలుపు బయటే ఆగిపోతాయి. ఆ మాట ఆ రోజూ అనిపించింది, ఈ రోజూ అనిపిస్తోంది.

మూడు సెకన్ల వేషం

శుక్రవారం ఒక పల్లెటూరి సీను వచ్చింది. ఒకామె నిండు బిందె చంకలో పెట్టుకుని తడినేల మీద హవాయి చెప్పులతో నడిచొస్తుంది. అణ్ణ నాలుగుసార్లు నడిచారు. అద్దం వెనకనుంచి సౌండ్ ఇంజనీరు "ఒన్ మోర్" అంటూనే వున్నాడు. అణ్ణ చెప్పులు విప్పి నా ముందు పెట్టారు.

మునిసిపాలిటీ కొళాయి రాని రోజుల్లో బిందె మోసినదాన్ని కదా! చంకలో బరువున్నవాళ్ళు రెండు కాళ్ళూ ఒకేలా వెయ్యరు. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. నీళ్ళు నిండిన బకెట్టు ఒకటి చంకనెత్తుకుని నడిచాను. ఒన్ మోర్. మళ్ళీ నడిచాను. ఆరోసారికి అద్దం వెనకనుంచి "ఓకే!" వినపడింది. మొత్తం మూడు సెకన్లు. అణ్ణ ఏమీ అనలేదు. వేలితో చెవి ముట్టుకుని తలూపారు.

ఆ సినిమాని రేపు తమిళంలోకో, హిందీలోకో డబ్ చేస్తే మాటలన్నీ మారిపోతాయి. అందుకే మ్యూజిక్కూ ఎఫెక్ట్సూ విడిగా దాచి వుంచుతారు. ఏ భాషలో చూసినా ఆ మూడు సెకన్లూ నా అడుగులే. అడుగుకి భాష లేదు కదా!

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"పేరు పడుతుందా?" అంది.

"పడదమ్మా."

"మరి నువ్వని ఎలా తెలుస్తుందే?"

"కళ్ళు మూసుకుని విను. బిందె మోసుకొస్తున్నది నేనే."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హైదరాబాదు పిల్లకి రానని చెప్పేశావా?" అంది. చీటీ సంగతి నేనెత్తబోతే, "అది నా లెక్క, నీది కాదు" అని ఫోన్ పెట్టేసింది. శనివారం పొద్దున్నే స్నేహితురాలికి రానని చెప్పేశాను.

ఆదివారం హాస్టలు పిల్లలతో కలిసి వడపళని కమలా థియేటర్‌కి వెళ్ళాను. తమిళ సినిమా. సగం మాటలు అర్థం కాలేదు. హీరో ఎంట్రీ... చీకట్లో ముందు బూట్ల చప్పుడు. తోలు బూట్లు, సిమెంటు నేల, మడమ కాస్త అరిగింది. ఏ గదిలోనో ఏ.సి. ఆపేసుకుని, చెమటలు కారుతూ, ఎవరో ఆ నడక నడిచారు. నాలుగో అడుగు పడేసరికి హాలంతా ఈలలు, కేకలు. ఐదో అడుగు ఇంక ఎవరికీ వినపడలేదు.

పక్కనున్న పిల్ల "ఏంటి, సౌండు పిల్లవి కదా, చెవులు మూసుకోలేదే?" అని ఎగతాళి చేసింది. నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, హాలు అదిరిపోయేలా ఈల వేశాను. హీరోకి కాదు, ఆ బూట్లు తొడుక్కున్నాయనకి!