దోమలగూడలో ఒక మొలకల మూట

ఇందిరాపార్కు గేటు ముందు మొలకలమ్మే ఆమె దగ్గర మా నాన్న మూడేళ్ళుగా రోజూ ఒక కప్పు తింటున్నారు. ఆయనకు 76 ఏళ్ళు, పైగా షుగరు. పచ్చి మొలకల సంగతి చదివినప్పటి నుంచి నాకు గుండెల్లో రాయి పడ్డట్టుంది. తినొద్దని చెప్పేముందు అవి ఎలా తయారవుతాయో కళ్ళారా చూడాలనుకున్నాను. అడిగితే, "రండ్రి సార్, మా ఇల్లు ఈడనే" అంది.

దోమలగూడ సందులో ఒక్క గది ఇల్లు. సాయంత్రం ఆరయింది. పొద్దున నానబోసిన పెసర్లు స్టీలు బగోనెలో ఉబ్బి ఉన్నాయి. నాలుగుసార్లు కడిగింది. మూటగట్టే తెల్లబట్టను ముందే మరిగే నీళ్ళలో వేసి ఆరేసింది. "మస్తు కడుగుత సార్. ఇన్నేండ్లల్ల ఎవ్వరూ పేరు పెట్టలే" అంది. ఆమె శ్రద్ధకు వంక పెట్టే హక్కు నాకు లేదు. చిక్కు ఆమె చేతుల్లో లేదు, గింజలో ఉంది.

గుప్పెడు పెసర్లు తీసి దీపం కింద చూశాను. ఒకదాని పొట్టు మీద వెంట్రుకవాసి పగులు. పొలంలో పేడ నుంచో, గోదాములో ఎలుకల నుంచో వచ్చిన సాల్మొనెల్లా, ఈ.కోలై క్రిములు అలాంటి పగుళ్ళలో నెలల తరబడి బతికుంటాయి. ఎండుగింజ మీద పెరగవు. కానీ తడి, వెచ్చదనం తగిలాయా, ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. మొలకకు కావలసిందీ ఆ తడే, ఆ వెచ్చదనమే. రాత్రంతా మూటలో రెండూ కలిసే పెరుగుతాయి. తెల్లారి రంగులో, వాసనలో ఏ తేడా కనిపించదు.

2011లో జర్మనీలో జరిగింది అదే. జనం జబ్బుపడుతుంటే ముందు స్పెయిన్ దోసకాయలను అనుమానించారు. చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మొలకలని తేలింది. మొత్తం 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ఎందరికో కిడ్నీలు దెబ్బతిన్నాయి.

మరి గింజను శుద్ధి చేయలేమా? అమెరికాలో మొలకలు పెంచే కంపెనీలకు 20,000 పీపీఎం క్లోరిన్ ద్రావణంలో 15 నిమిషాలు నానబెట్టమని సూచించారు. మన నల్లా నీటిలో కనీసం ఉండాల్సిన క్లోరిన్ 0.2 పీపీఎం. అంటే దానికి లక్ష రెట్లు! అంత ఘాటు మందు కూడా క్రిములను తగ్గిస్తుందే గాని పగులు లోపల దాగినవాటిని పూర్తిగా చంపుతుందన్న హామీ లేదు. ఇళ్ళలో ఆ ప్రయోగం అసలే వద్దు.

మన పెద్దల అలవాటే నాకు నమ్మకంగా తోస్తుంది. పెళ్ళి పాలికల్లో మొలకెత్తించిన నవధాన్యాలను తినం. తినే గింజలనేమో ఉడికించి గుగ్గిళ్ళు చేసుకుంటాం. వడపప్పు పచ్చిదే, నిజమే. కానీ కాసేపు నానబెట్టి వెంటనే పంచిపెడతాం, రాత్రంతా మూటలో మాగబెట్టం.

"ఉడకవెడితే మెత్తగైతయ్ సార్, వాకింగుకొచ్చేటోళ్ళు తినరు" అందామె. ఆ భయం న్యాయమైనదే, అది ఆమె బతుకుతెరువు. అమ్మగా మిగిలిన మొలకలు అడిగి, ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు పొగలు కక్కేదాకా ఆవిరి పట్టించాం. తోకలు వాలాయి, పొట్టు ముడతపడింది. ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి నోట్లో వేసుకుంది. నములుతూ కాసేపు ఆలోచించింది.

"పలుకున్నది సార్" అంది.

సి విటమిన్ కొంత పోతుందనీ, మాంసకృత్తులు ఎటూ పోవనీ చెప్పాను. ముసలివాళ్ళకు, పిల్లలకు, గర్భిణులకు మాత్రం పచ్చివి ఇవ్వొద్దని బతిమాలాను.

మర్నాడు పొద్దున బండి మీద రెండు గిన్నెలున్నాయి. నాన్న అలవాటు కొద్దీ మొదటి గిన్నె వైపు చెయ్యి చాపారు. ఆమె రెండోదాని మూత తీసింది.

"ఇవి తినుండ్రి తాతా, వేడిగున్నయ్."