బందరు తాత - నార్వే జెండా

క్రిందటి యేడు వేసవిలో, బందరు ఎండలు తప్పించుకుందామన్న మిషతో, మా అమ్మాయి కాపురం చూడటానికి నేనూ మా ఆవిడా నార్వే దేశం వెళ్లాం. అల్లుడి ఉద్యోగం ఆస్లో నగరంలో. వెళ్లి పదిరోజులయిందో లేదో, ఇంట్లో "మే పదిహేడు, మే పదిహేడు" అంటూ హడావుడి మొదలయింది. మనవడి చొక్కాకు ఇస్త్రీ, బూట్లకు పాలిషు, కిటికీ అద్దాలు తుడవటం! మన సంక్రాంతి ముందుండే సందడంతా వచ్చిపడింది.

"ఏమిటమ్మా యీ పండుగ?" అని అడిగాను.

"ఇక్కడివాళ్ల జాతీయదినం, నాన్నా. బడిపిల్లల ఊరేగింపు ఉంటుంది. మనవాడు కూడా జెండా పట్టుకుని నడుస్తాడు" అన్నది అమ్మాయి.

ఆ మాట వినగానే నా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్లయింది. నేను ముప్పయిరెండేళ్లు హైస్కూల్లో మేష్టరుగా పనిచేసినవాణ్ణి. ఏటేటా ఆగస్టు 15కూ, జనవరి 26కూ పిల్లలను వరసల్లో నిలబెట్టి జెండావందనం చేయించినవాణ్ణి. నా మనవడు ఇంకొకరి జెండా పట్టుకుని, ఇంకొకరి గీతం పాడతాడా? పైకేమీ అనలేదు. కాని మా ఆవిడ నా మొహం చూసి కనిపెట్టనే కనిపెట్టింది. "పిల్లవాడి సంతోషం పాడుచెయ్యకండి" అని ఆ రాత్రే హెచ్చరించింది.

పండుగనాడు పొద్దున్న ఎనిమిదింటికి, మా వాళ్లుండే ఇళ్ల సముదాయం మధ్య ఉన్న స్తంభానికి జెండా ఎక్కించారు. ఎర్రటి గుడ్డమీద తెల్లంచు గల నీలిరంగు శిలువ. ఆ తరువాత అందరూ కలిసి ఆరుబయట ఫలహారం. ఇంటికొక వంటకం తెచ్చి బల్లమీద పెట్టారు. మేము తీసుకువెళ్లిన బందరు లడ్డూలు పది నిమిషాల్లో ఖాళీ! ఎదురుపడిన ప్రతివాళ్లూ నవ్వుతూ "గ్రాతులేరెర్ మె దాగెన్" అంటున్నారు. ఈ రోజుకు మీకు అభినందనలు అని అర్థమట. పుట్టినరోజునాడు కూడా ఆ మాటే అంటారట. దేశానికి పుట్టినరోజు అన్నమాట.

పొరుగింటి ముసలావిడ వచ్చి మా ఆవిడ చీర అంచు పట్టుకు చూసింది. ఆవిడకు ఎనభై అయిదు దాటాయి. ఉన్నిబట్ట మీద రంగుదారాలతో పువ్వులు కుట్టిన పాతకాలపు దుస్తులు వేసుకుని, మెడ దగ్గర వెండి పతకం పెట్టుకున్నది. ఆ దుస్తులను బూనాద్ అంటారు. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క తీరు. చూడగానే ఫలానా వైపు మనిషి అని చెప్పవచ్చునట. "మన వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ లాగానే గదుటండీ!" అన్నది మా ఆవిడ. భాష రాకపోయినా వాళ్లిద్దరికీ అప్పుడే స్నేహం కుదిరింది.

పిల్లవాణ్ణి తోటిపిల్లలతో వాళ్ల మేష్టర్లకు అప్పజెప్పి, మేమూ ఆ ముసలావిడా కలిసి రైలెక్కి ఊళ్లోకి వెళ్లాం. బయలుదేరేముందు వాడు నా చేతిలో ఒక కాగితపు జెండా పెట్టి, "తాతయ్యా, నేను కనబడగానే ఊపాలి, మరిచిపోకేం!" అన్నాడు. నేను దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాను.

రైల్లో మా అల్లుడు యీ పండుగ కథ చెప్పాడు. నార్వే నాలుగు వందల యేళ్లకు పైగా డెన్మార్కు రాజుల కింద ఉన్నది. 1814లో, యుద్ధంలో ఓడిన డెన్మార్కు రాజు నార్వేను స్వీడన్ రాజుకు అప్పగించాడు. మమ్మల్ని అడగకుండా ఇచ్చిపుచ్చుకోవటానికి మేమేమయినా గొడ్లమా అని నార్వేవారికి రోషం వచ్చింది. ఐడ్స్‌వొల్ అనే ఊళ్లో 112 మంది ప్రతినిధులు సమావేశమై, కొద్ది వారాల్లో రాజ్యాంగం రాసుకుని, మే 17న దానిని ఖాయం చేశారు. ఆ యేడే స్వీడన్‌తో కలవక తప్పలేదు. 1905 దాకా ఆ సంబంధం తెగలేదు. అయినా వాళ్లు పండుగ చేసుకునేది విడిపోయిన రోజున కాదు, రాజ్యాంగం రాసుకున్న రోజున. మన జనవరి 26 వంటిదన్నమాట.

స్వీడన్ రాజు కార్ల్ యోహాన్‌కు యీ పండుగంటే గిట్టేది కాదు. 1829లో ఇదే రోజున నగరంలో గుమికూడిన జనాన్ని సైన్యాన్ని పంపి చెదరగొట్టారు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు పిల్లలు జెండాలు పట్టుకుని నడిచే పెద్దవీధి పేరు కార్ల్ యోహాన్ వీధి!

ఆ వీధిలోనే నిలబడ్డాం. పది గంటలకు ఊరేగింపు బయలుదేరింది. టాంకులు, ఫిరంగులు వస్తాయేమోనని చూశాను. ఎక్కడా లేవు. వచ్చినవాళ్లు పిల్లలు! ఒక బడి వెనుక మరొక బడి, వందకు పైగా బడులు. ప్రతి బడికీ ముందొక పతాకం, చాలావాటికి సొంత బాండుమేళం. చిన్నపిల్లలు తమకంటె పెద్ద బాకాలు ఊదుకుంటూ నడుస్తుంటే నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. 1870లో మొదలయినప్పుడు మగపిల్లలే నడిచేవారట. 1889 నుంచి ఆడపిల్లలూ చేరారు. వీధి చివర రాజప్రాసాదం. రాజకుటుంబం మేడమీద నిలబడి, వచ్చే ప్రతి బడికీ గంటల తరబడి చెయ్యి ఊపుతారు.

ముసలావిడ చేతికర్ర మీద ఆనుకుని నా పక్కనే నిలబడింది. నా చేతులు ఖాళీగా ఉండటం చూసింది కాబోలు, తన జెండా వైపు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. 1940లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. అయిదేళ్లు యీ పండుగ నిషిద్ధం. ఇంట్లో ఉన్న జెండాను వాళ్లమ్మ దిండులో పెట్టి కుట్టేసింది. ఈవిడ ఆ దిండు మీదే పడుకునేది. అందులో ఏమున్నదో తెలియదు. 1945 మే నెలలో జర్మన్లు లొంగిపోయిన నాడు, వాళ్లమ్మ కత్తెర తెచ్చి దిండు విప్పింది. "నాకు అప్పుడు ఆరేళ్లు. జెండా అంటే దూదిలోంచి వస్తుందనుకున్నాను" అని నవ్వింది. కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి.

నాకు చప్పున మా బందరు కోనేరు సెంటరు జ్ఞాపకం వచ్చింది. 1930లో అక్కడ తోట నరసయ్యనాయుడుగారు మన జెండా ఎగరెయ్యబోయి, పోలీసు లాఠీదెబ్బలకు ఒళ్లు తెలియకుండా పడిపోయారు. చేతిలో జెండా మాత్రం వదలలేదని మా నాన్నగారు ఎన్నిసార్లు చెప్పేవారో! జెండా కోసం దెబ్బలు తిన్న ఊరివాణ్ణి నేను. దాచుకున్న జెండా విలువ నాకు కాక ఇంకెవరికి తెలియాలి? ఈవిడ జెండా ఊపితే మన జెండాకు వచ్చిన తక్కువేమిటి?

అంతలో మా ఆవిడ, "అడుగోనండీ, మనవాడు!" అని కేకపెట్టింది. వాడు వరసలో నడుస్తూ, గొంతెత్తి పాడుతూ, జనంలో మాకోసం వెతుకుతున్నాడు. వాడి చూపు నా ఖాళీ చేతుల మీద పడేలోపల జేబులో చెయ్యి పెట్టాను. జెండా కాస్త నలిగింది. అయినా ఎత్తి ఊపాను. వాడి మొహం చూడాలి! అక్కడి పిల్లలందరితోపాటు "హిప్ హిప్ హుర్రా" అని అరిచాడు. నేనూ అరిచాను. ముప్పయిరెండేళ్లు పిల్లలను "నిశ్శబ్దం" అన్న గొంతు అది!

ఆ తరువాత ఐస్‌క్రీములకు లెక్కలేదు. ఆ రోజున పిల్లలు అడిగితే కాదనరాదట.

రాత్రి తొమ్మిదయింది. ఆ దేశంలో మే నెలలో ఆ వేళకు కూడా వెలుతురు ఉంటుంది. వేసవి రోజుల్లో తొమ్మిది దాటి జెండా ఉంచరాదని వాళ్ల నియమం. ముసలావిడ వచ్చి తాడు విప్పింది. మా మనవడు పరుగెత్తుకు వెళ్లి రెండు చేతులా జెండాను అందుకుని, "తాతయ్యా, రా! నేల తగలకూడదు!" అని అరిచాడు.

నేను మా బడిపిల్లలకు ఏటా చెప్పిన మాట అది. వెళ్లి రెండో కొస పట్టుకున్నాను.